రింగ్ దగ్గరికి రావాలంటేనే భయపెట్టినవాళ్లు: డిఫెన్స్‌లో గొప్ప సెంటర్లు ఎవరు?

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ గురించి అక్కా నేనూ వారం రోజులుగా ఫోన్‌లో వాదించుకుంటూనే ఉన్నాం, తను విజయవాడలో, నేను డాలస్‌లో. ఇంక ఇలా కాదు, రికార్డ్ చేసేద్దాం అని కూర్చున్నాం. విషయం ఒక్కటే. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చరిత్రలో డిఫెన్స్ ఆడిన సెంటర్లలో, అంటే రింగ్ దగ్గర కాపలా కాసే పొడుగువాళ్లలో, అందరికంటే గొప్పవాడు ఎవరు, ఆ తర్వాత ఎవరు. ఐదుగురి పేర్లు చెప్పాలి. అక్కా, నువ్వే మొదలుపెట్టు.

అక్క: మొదటి పేరు ఇప్పుడే చెప్పేస్తా, చివరిదాకా దాచిపెట్టడం నాకు చేతకాదు. బోస్టన్ సెల్టిక్స్ టీమ్ సెంటర్ బిల్ రస్సెల్. అందులో నాకు ఇసుమంత అనుమానం కూడా లేదు. అసలు గొడవంతా రెండు నుంచి ఐదు దాకానే.

తమ్ముడు: నేను దానికీ ఒప్పుకోను, కానీ ముందు నీ లెక్కేంటో చెప్పు. దేన్ని బట్టి ర్యాంక్ ఇస్తున్నావు?

అక్క: బ్లాకుల్ని, అంటే చేత్తో అడ్డుకున్న షాట్లని బట్టి మాత్రం కాదు. నేను కాలేజీలో మూడేళ్లు సెంటర్ ఆడాను కదా, మా దగ్గర పివట్ అనేవాళ్లం. సిమెంట్ కోర్టు, మధ్యాహ్నం మూడింటికి ప్రాక్టీస్, బూటు అడుగు కాలిపోయేది. మా కోచ్ సార్ మొదటి నెలంతా నాకు బ్లాక్ చెయ్యడం నేర్పనే లేదు, మాట్లాడటం నేర్పారు. ఎందుకంటే రింగ్ కింద నిలబడ్డ మనిషికి కోర్టంతా ఎదురుగా కనిపిస్తుంది. ముందున్న నలుగురికీ తమ వీపు వెనక ఏం జరుగుతోందో తెలియదు. ఎవరో వచ్చి స్క్రీన్ పెడుతున్నారు, అంటే దారికి అడ్డంగా నిలబడుతున్నారు, ఎవరో రింగ్ వెనక గీత, బేస్‌లైన్ పక్క నుంచి దూరుతున్నారు, అది నేను అరిచి చెప్పకపోతే వాళ్లకి కళ్లు లేనట్టే. ఇదేదీ స్కోర్‌షీట్‌లో పడదు. ఇంకోటి కూడా పడదు. ఎదుటి గార్డ్ డ్రిబుల్ చేసుకుంటూ లోపలికొచ్చి, తలెత్తి సెంటర్‌ని చూసి, షాట్ వెయ్యకుండా బంతిని బయటికి తిప్పేస్తాడు చూడు, దానికి ఏ కాలమ్‌లో మార్కు వేస్తావు? నా దృష్టిలో డిఫెన్స్ అంటే ముందు అదే. ఆ వెయ్యని షాట్లే.

తమ్ముడు: లెక్కలో లేనిదాన్ని పట్టుకుని ర్యాంక్ ఇస్తానంటే ఎలా అక్కా?

అక్క: రస్సెల్‌కి నువ్వు అడిగే లెక్క అసలు లేదు కదరా. ఎన్‌బీఏ బ్లాకుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74 సీజన్‌లో. ఆయన ఆట మానేసింది 1969లో. కాబట్టి అధికారిక రికార్డుల్లో బిల్ రస్సెల్ పేరు మీద ఒక్క బ్లాక్ కూడా లేదు. ఆ రోజుల్లోనే ఆడిన ఇంకో పెద్ద సెంటర్ విల్ట్ చాంబర్లేన్‌కీ లేదు. మరి ఆ పదమూడేళ్లు ఏమైనట్టు? పదమూడు సీజన్లలో పదకొండు టైటిళ్లు. ఏడో మ్యాచ్ దాకా వెళ్లిన సిరీస్‌లు పది, పదికి పదీ గెలిచాడు.

తమ్ముడు: నా అభ్యంతరం అక్కడే. ఆయన వచ్చినప్పుడు లీగ్‌లో ఎనిమిదే టీములు. పోటీ ఎంతని? షాట్లు వేసేవాళ్ల గురి కూడా ఇప్పటిలా లేదు.

అక్క: ఎనిమిది టీములంటే పోటీ తక్కువని ఎందుకనుకుంటున్నావు? ఉద్యోగాలు తక్కువ, అంతే. ఎనిమిది మంది మొదటి వరస సెంటర్లలో ఎవరో ఒకరు ప్రతి రెండో రోజూ నీ మీదికొస్తారు. విల్ట్ 1959లో లీగ్‌లోకి వచ్చాడు, 7 అడుగుల 1 అంగుళం, రస్సెల్ 6 అడుగుల 10 అంగుళాలు. సీజన్ చివరి నాకౌట్ ప్లేఆఫ్స్‌లో ఇద్దరూ ఎనిమిది సిరీస్‌లలో తలపడితే ఏడు రస్సెల్ టీమే గెలిచింది. ఒక్క మ్యాచ్‌లో ఆయన మీద విల్ట్ 55 రిబౌండ్లు, అంటే పడని షాట్ నుంచి తిరిగొచ్చిన బంతులు, పట్టాడు, అది ఈనాటికీ రికార్డే. అయినా సిరీస్ గెలవడం దగ్గరికొచ్చేసరికి విల్ట్ పప్పులు ఉడకలేదు, ఒక్క 1967లో తప్ప.

తమ్ముడు: సరే, అది టీమ్ గొప్పతనం కూడా కదా. ఆ టీమ్‌లో కౌజీ, హవ్లిచెక్, శామ్ జోన్స్...

అక్క: ఉన్నారు, కాదన్ను. కానీ కౌజీ 1950 నుంచే బోస్టన్‌లో ఆడుతున్నాడు, రస్సెల్ వచ్చేదాకా ఒక్క టైటిల్ లేదు. రెడ్ ఔర్‌బాక్ సంగతి చెప్పాలి ఇక్కడ, సెల్టిక్స్ కోచ్. 1956 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే చోట, రెండో పిక్ సెయింట్ లూయిస్ హాక్స్ దగ్గరుంది. ఎడ్ మెకాలీని, క్లిఫ్ హేగన్‌ని వాళ్లకిచ్చి ఆ పిక్ తీసుకున్నాడు. స్కోర్ చేసే ఇద్దర్ని వదులుకుని, షాట్ సరిగ్గా వెయ్యడం రాదని అందరూ అనుకుంటున్న కుర్రాణ్ని తెచ్చుకోవడమంటే ఆ రోజుల్లో చిన్న ధైర్యం కాదు. ఆ మొదటి సీజన్‌లోనే ఫైనల్స్‌కి వెళ్లారు, ఎదురుగా ఎవరు? అదే హాక్స్. 1957, బోస్టన్ గార్డెన్, ఏడో మ్యాచ్. నువ్వు ఆ ఆట గురించి చదివావా?

తమ్ముడు: హాక్స్ ఆటగాడు జాక్ కోల్మన్ లేఅప్, అంటే రింగ్ పక్కనుంచి వేసే తేలిక షాట్, దగ్గర జరిగిందే కదా.

అక్క: అదే. చెప్తా ఆగు, ఇది వివరంగా చెప్పాలి. నాలుగో క్వార్టర్ ఆఖరి నిమిషం. రస్సెల్ ఈ చివర బాస్కెట్ వేసి సెల్టిక్స్‌ని ఒక్క పాయింట్ ముందుకు తెచ్చాడు, వేసిన ఊపులో బేస్‌లైన్ దాటి బయటికి వెళ్లిపోయాడు. హాక్స్ వెంటనే బంతిని పొడుగ్గా విసిరారు, మధ్యగీత దగ్గర కోల్మన్ అందుకున్నాడు. అతని ముందు ఎవరూ లేరు. సగం కోర్టు, ఒక లేఅప్, టైటిల్. రస్సెల్ అటు చివర్నుంచి పరుగు మొదలుపెట్టాడు. అంటే కోల్మన్ సగం కోర్టు పరిగెత్తే లోపల ఈయన కోర్టంతా పరిగెత్తాలి. పరిగెత్తాడు. కోల్మన్ బంతిని పైకి లేపేసరికి వెనక నుంచి ఆ చెయ్యి వచ్చింది. ఆ మ్యాచ్ రెండు ఓవర్‌టైమ్‌ల దాకా వెళ్లింది, 125-123 స్కోరుతో సెల్టిక్స్ మొదటి టైటిల్ గెలిచారు. ఆయన కాలేజీ రోజుల్లో హై జంప్ చేసేవాడు, దేశంలో మంచి జంపర్లలో ఒకడు. ఆ పరుగు, ఆ గెంతు అక్కణ్నుంచే వచ్చాయి.

తమ్ముడు: ఇది విన్నప్పుడల్లా నాకూ ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. కానీ అక్కా, అది ఒక్క బ్లాక్.

అక్క: అందుకే బ్లాక్ ఎలా చేసేవాడో చెప్పాలి. ఇప్పుడు మనకి నచ్చే బ్లాక్ ఎలా ఉంటుంది? బంతి వెళ్లి మూడో వరసలో కూర్చున్నవాళ్ల ఒళ్లో పడాలి, జనం ఈలలు వెయ్యాలి. బావుంటుంది. కానీ బంతి ఎవరికి? మళ్లీ ఎదుటివాళ్లకే, సైడ్ నుంచి త్రో. నువ్వు చేసిందల్లా షాట్‌ని రెండు సెకన్లు వాయిదా వెయ్యడం. రస్సెల్ అలా కొట్టేవాడు కాదు. వేళ్లతో పైకి తట్టేవాడు, మెల్లగా, తనే పట్టుకునేలా, లేదంటే పక్కనున్న సెల్టిక్స్ ఆటగాడి చేతిలో పడేలా. అది కౌజీకి చేరగానే అటు ఫాస్ట్ బ్రేక్. వాళ్ల రెండు పాయింట్లు పోయాయి, మన రెండు పాయింట్లు వచ్చాయి. నేను దాన్ని చెయ్యాలని చూశాను కాబట్టి చెబుతున్నా, గాల్లో ఉండి, చెయ్యి పూర్తిగా చాచి, ఎవడో బలంగా విసిరిన బంతిని అరచేత్తో కొట్టకుండా వేళ్లతో మళ్లించడం ఎంత కష్టమో ఒక్కసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది. మణికట్టు బిగుసుకోకూడదు, అదే ముఖ్యం. భయం వేస్తే బిగుసుకుంటుంది.

తమ్ముడు: ఆయన వల్ల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో రూల్ కూడా మార్చారు కదా.

అక్క: అవును. రింగ్ ముందుండే లేన్ 6 అడుగుల వెడల్పుండేది, దాన్ని 12 చేశారు. శాన్ ఫ్రాన్సిస్కో యూనివర్సిటీకి ఆడుతూ 1955లో, 1956లో వరసగా టైటిళ్లు గెలిచాడు మరి. అంతకుముందు కోచ్‌లు డిఫెన్స్ ఆడేవాడి కాళ్లు నేల మీదే ఉండాలని చెప్పేవాళ్లు, గెంతితే తప్పు. ఈయన గెంతి చూపించాడు. ఇవాళ రింగ్ దగ్గర షాట్ ఆపుతున్న ప్రతి సెంటరూ ఆయన వేసిన దారిలోనే నడుస్తున్నాడు. 2022లో ఆయన పోయాక 6వ నంబర్ జెర్సీని లీగ్ మొత్తంలో ఎవరికీ ఇవ్వకుండా ఆపేశారు, అంతకుముందు ఏ ఆటగాడికీ అలా చెయ్యలేదు.

తమ్ముడు: సరే, మొదటి స్థానం నీకు వదిలేస్తున్నా. నా మనసులో మాత్రం హకీమ్ ఒలాజువాన్ ఉన్నాడు, అది చెప్పనివ్వు. లాగోస్ కుర్రాడు, హ్యాండ్‌బాల్ ఆడేవాడు, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్. బాస్కెట్‌బాల్ ముట్టుకునేసరికి పదిహేనేళ్లు. అక్కణ్నుంచి 3,830 బ్లాకులు, లెక్క మొదలైనప్పట్నుంచి ఎన్‌బీఏలో అందరికంటే ఎక్కువ. ఇంకా గొప్ప విషయం, 2,162 స్టీల్స్, అంటే ఎదుటివాళ్ల దగ్గర్నుంచి లాక్కున్న బంతులు. సెంటర్ అన్నవాడికి ఇన్ని స్టీల్స్ ఎలా వస్తాయి? ఒకే సీజన్‌లో 200 బ్లాకులు, 200 స్టీల్స్ రెండూ ఉన్న ఆటగాడు చరిత్రలో ఆయన ఒక్కడే, 1988-89లో.

అక్క: కాళ్లు రా, ఆ కాళ్లు! గోల్‌కీపర్ కాళ్లు. మనం ఆయన స్కోర్ చెయ్యడానికి వేసే అడుగులు, ఆ డ్రీమ్ షేక్ గురించే మాట్లాడుకుంటాం, అవే అడుగులు డిఫెన్స్‌లో పక్కకి ఎంత వేగంగా పడేవో చూడం. నా రెండో పేరు ఆయనే, ఇక్కడ మనిద్దరికీ గొడవ లేదు.

తమ్ముడు: అయితే 1994 ఫైనల్స్ ఆరో మ్యాచ్ చెప్పి ముందుకెళ్దాం. న్యూయార్క్ నిక్స్ 3-2 ఆధిక్యంలో ఉన్నారు, ఇది గెలిస్తే టైటిల్. హకీమ్ టీమ్ హ్యూస్టన్ రాకెట్స్ 86-84 ముందున్నారు, ఆఖరి సెకన్లు. నిక్స్ గార్డ్ జాన్ స్టార్క్స్ నాలుగో క్వార్టర్‌లో 16 పాయింట్లు కొట్టి నిప్పులా ఉన్నాడు, త్రీ, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్, పడితే టైటిల్ వాళ్లదే. నిక్స్ సెంటర్ ప్యాట్రిక్ యూయింగ్ వచ్చి స్క్రీన్ పెట్టాడు, యూయింగ్‌ని కాస్తున్నది హకీమ్. ఆయన యూయింగ్‌ని వదిలేసి స్టార్క్స్ మీదికి వచ్చేశాడు. ఆ కాలంలో ఆ ఎత్తు సెంటర్‌ని మూడు పాయింట్ల గీత దగ్గరికి రప్పిస్తే గార్డుకి పండగ. స్టార్క్స్ లేచాడు, బంతి వదిలాడు, హకీమ్ వేలి కొసలు తగిలాయి. అంతే. బంతి రింగ్ దగ్గరికి కూడా పోలేదు. ఏడో మ్యాచ్ 90-84, హ్యూస్టన్‌కి మొదటి టైటిల్. ఆ సీజన్‌లో ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు), ఫైనల్స్ ఎంవీపీ, డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్, మూడూ ఆయనకే.

అక్క: ఆ వేలి కొసల వెనక ఇంకోటుంది. స్విచ్ అయ్యాక, అంటే కాసే మనిషి మారాక, ఆయన స్టార్క్స్ మీదికి గుడ్డిగా దూకలేదు. అలా దూకితే ఫౌలైనా అవుతుంది, లేదా స్టార్క్స్ పక్కనుంచి దూసుకెళ్తాడు. ఒక చెయ్యి దూరంలో ఆగాడు, అవతలివాడు లేచాకే లేచాడు. సెంటర్లలో నూటికి తొంభై మంది ముందే లేస్తారు.

తమ్ముడు: ఆ డిఫెన్సివ్ ప్లేయర్ అవార్డు ట్రోఫీకి ఇప్పుడు హకీమ్ పేరే పెట్టారు. సరే, మూడో పేరు. నేను డేవిడ్ రాబిన్సన్ అంటాను. నేవీ అకాడమీ నుంచి వచ్చాడు, 1992లో డిఫెన్సివ్ ప్లేయర్ అవార్డు, ఆ సీజన్‌లో బ్లాకుల్లో లీగ్‌కే మొదటివాడు.

అక్క: నేను బెన్ వాలెస్ అంటాను.

తమ్ముడు: 6 అడుగుల 9 అంగుళాలని రాశారు గానీ అది కూడా ఎక్కువే రాశారంటారు. రింగ్ కాపలాకి మూడో స్థానం ఇస్తావా?

అక్క: ఇస్తా. 1996 డ్రాఫ్ట్‌లో ఆయన్ని ఎవరూ తీసుకోలేదు, ఒక్క టీమ్ కూడా. అలాంటి మనిషి డిఫెన్సివ్ ప్లేయర్ అవార్డు నాలుగుసార్లు తీసుకున్నాడు, 2002, 2003, 2005, 2006. కానీ నేను అవార్డుల కోసం పెట్టడం లేదు. 2004 ఫైనల్స్ గుర్తు తెచ్చుకో. లేకర్స్‌లో షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్. వాలెస్ టీమ్ డెట్రాయిట్ పిస్టన్స్ మీద పందెం కాసేవాడే లేడు. షాక్, అంటే ఓనీల్, సగటు చూస్తే 26 పాయింట్ల పైనే, అంటే వాలెస్ ఓడిపోయాడనుకుంటావు. కానీ అంతకుముందు అందరూ షాక్‌ని ఆపడానికి ఇద్దర్ని, ముగ్గుర్ని పంపేవాళ్లు, బయట ఖాళీగా ఉన్నవాళ్లు చీల్చి చెండాడేవాళ్లు. పిస్టన్స్ ఎక్కువ సేపు షాక్ ముందు ఒక్కణ్నే నిలబెట్టారు. ఆ బరువుని వీపు మీద మోసింది ఎక్కువగా వాలెస్. దాంతో పిస్టన్స్ ఆటగాడు టేషాన్ ప్రిన్స్ కోబీని వదిలి ఒక్క అడుగు కూడా పక్కకి వెయ్యాల్సిన పనిలేకపోయింది. కోబీ గురి 38 శాతానికి పడిపోయింది. మూడో మ్యాచ్‌లో లేకర్స్ మొత్తం 68 పాయింట్లు! సిరీస్ 4-1. షాక్ స్కోరు మాత్రమే చూస్తే ఈ కథ అర్థమే కాదు, అందుకే నేను కాలమ్‌లు నమ్మను.

తమ్ముడు: ఇది నేను ఆ కోణంలో చూడలేదు అక్కా. నేను అప్పుడు షాక్ కోసమే చూశాను, అందరూ ఆయనకి బంతి ఎందుకివ్వరని కోపం వచ్చేది.

అక్క: ఇచ్చినంతా వేశాడు. మిగతా నలుగురి నోట్లో మట్టే.

తమ్ముడు: నాలుగో పేరు ముటోంబో అంటే కాదనవుగా?

అక్క: ముటోంబోని ఎవరు కాదంటారు! జార్జ్‌టౌన్‌కి డాక్టర్ చదువు కోసం వెళ్లాడాయన, కాంగో నుంచి. నాలుగు డిఫెన్సివ్ ప్లేయర్ అవార్డులు, 3,289 బ్లాకులు, హకీమ్ తర్వాత రెండో స్థానం. 1994లో ఆయన టీమ్ డెన్వర్ ఎనిమిదో సీడ్, అంటే ప్లేఆఫ్స్‌కి వచ్చినవాళ్లలో ఆఖరి ర్యాంక్, సియాటిల్ మొదటి సీడ్, 63 మ్యాచ్‌లు గెలిచిన టీమ్. మొదటి రెండూ ఓడి తర్వాతి మూడూ గెలిచారు, అంతకుముందు ఏ ఎనిమిదో సీడూ అలా చెయ్యలేదు. ఐదు మ్యాచ్‌లలో 31 బ్లాకులు. అంతా అయిపోయాక నేల మీద వెల్లకిలా పడుకుని బంతిని రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకుని, నోరంతా తెరిచి... ఆ ఫొటో చూస్తే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి. 2007లో కిన్షాసాలో వాళ్లమ్మ పేరు మీద ఆస్పత్రి తెరిపించాడు. 2024లో పోయాడు, బ్రెయిన్ క్యాన్సర్, 58 ఏళ్లు.

తమ్ముడు: బ్లాక్ చేశాక ముటోంబోలా చూపుడువేలు ఊపడం మా స్కూల్లో కూడా అందరం చేసేవాళ్లం, క్రికెట్‌లో వికెట్ పడినా అదే. ఆయన ఎవరో తెలియకుండానే చేసినవాళ్లు ఎంతమందో.

అక్క: పోనీ, ఐదో పేరు. ఇక్కడ నాకు రాబిన్సన్‌ని వదిలెయ్యాలంటే కష్టంగానే ఉంది. టిమ్ డంకన్ ఎందుకు లేడని అడుగుతారు, ఆయన ఎక్కువ ఏళ్లు సెంటర్‌గా కాక పవర్ ఫార్వర్డ్‌గా ఆడాడు కాబట్టి ఈ లిస్టులోకి తేలేదు. తెస్తే రెండో స్థానం గురించి కూడా మళ్లీ ఆలోచించాలి. పదిహేనుసార్లు ఆల్ డిఫెన్సివ్ టీమ్‌లో, అంటే ఆ ఏడాది గొప్ప డిఫెండర్ల జాబితాలో, ఉన్నాడు, డిఫెన్సివ్ ప్లేయర్ అవార్డు ఒక్కసారి కూడా రాలేదు, అది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

తమ్ముడు: నా ఐదో పేరు రూడీ గోబేర్.

అక్క: నువ్వు ఇది అంటావని తెలుసు.

తమ్ముడు: అనాలి మరి. నాలుగు అవార్డులు, 2018, 2019, 2021, 2024. అయినా ఆయన్ని తిట్టినంతగా ఏ సెంటర్‌నీ తిట్టరు. 2021లో క్లిప్పర్స్ మీద ఆరో మ్యాచ్, గోబేర్ అప్పటి టీమ్ యూటా 25 పాయింట్లు ముందుండి ఓడిపోయింది, క్లిప్పర్స్ ఆటగాడు టెరెన్స్ మాన్ 39 కొట్టాడు. మాన్ మూలన నిలబడి త్రీలు వేస్తుంటే గోబేర్ రింగ్ దగ్గరే ఉన్నాడని అందరూ ఆయన మీద పడ్డారు. ఎందుకు రింగ్ దగ్గరున్నాడు? ముందున్న గార్డులు ఒక్క డ్రిబుల్‌కే దాటిపోనిస్తున్నారు, ఆయన అటు వెళ్తే లేఅప్, ఇటు ఉంటే త్రీ. ముగ్గురి పని ఒక్కడు చెయ్యాలి. నువ్వే అన్నావు కదా, వెయ్యని షాట్లు లెక్కపెట్టాలని. ఆయన కోర్టులో ఉంటే రింగ్ దగ్గరికి వచ్చేవాళ్లే తగ్గిపోతారు. పైగా రస్సెల్‌కి అసలు లేని, హకీమ్‌కి ఆఖరి సీజన్ దాకా లేని రూల్ ఈయనకుంది, 2001 నుంచి డిఫెన్స్‌లో ఎవర్నీ కాయకుండా మూడు సెకన్లకి మించి లేన్‌లో నిలబడకూడదు. లోపలికీ బయటికీ తిరుగుతూనే ఆ కాపలా కాయాలి.

అక్క: ఆ మ్యాచ్ విషయంలో నువ్వు చెప్పింది నిజం. నేనూ ఆ రోజు గోబేర్‌నే అన్నాను, తర్వాత మళ్లీ చూస్తే తెలిసింది, మొదటి తప్పు ప్రతిసారీ ముందే జరిగింది. సరే, ఐదో పేరు గోబేరే. రాబిన్సన్ అభిమానులు నన్ను తిట్టుకోండి, పడతాను.

తమ్ముడు: ఐదుగురిలో లేడు గానీ మార్క్ ఈటన్ గురించి ఒక్క మాట చెప్పకుండా ఆపలేను. 7 అడుగుల 4 అంగుళాలు, కార్లు రిపేర్ చేసుకునే మెకానిక్. కాలేజీలో బెంచ్ మీదే కూర్చోబెట్టారు. అక్కడ జిమ్‌లో ఆడుతుంటే చిన్న చిన్న గార్డుల వెనక పరిగెత్తి ఆయాసపడుతున్నాడట. చాంబర్లేన్ చూసి పక్కకి పిలిచి, వాళ్లని నువ్వు పట్టుకోలేవు, రింగ్ ముందు నిలబడు, వాళ్లే నీ దగ్గరికొస్తారు అని చెప్పాడు. 1984-85లో 456 బ్లాకులు, మ్యాచ్‌కి ఐదున్నర పైనే. ఆ రికార్డు దగ్గరికి ఇంకెవరూ రాలేదు.

అక్క: ఒక్క మాటతో ఒక మనిషి బతుకే మారిపోయింది చూడు. విల్ట్ డిఫెన్స్ గురించి తక్కువగా మాట్లాడేవాళ్లు ఈ కథ వినాలి.

తమ్ముడు: ఆఖరి ప్రశ్న. ఇప్పటి కుర్ర సెంటర్ వెంబన్యామా?

అక్క: మొదటి సీజన్‌లోనే బ్లాకుల్లో లీగ్‌కి మొదటివాడు, ఆల్ డిఫెన్సివ్ మొదటి టీమ్‌లో చోటు. ఏ రూకీకీ అంతకుముందు అది దక్కలేదు. అయినా లిస్టులోకి ఇప్పుడే తేను, పదేళ్లు ఆడనీ. కానీ ఒకటి చెప్తా. మొన్న ఒక మ్యాచ్‌లో నేను బంతిని చూడటం మానేసి క్వార్టర్ అంతా ఆయన్నే చూశాను, చేతిలో పెన్నూ కాగితం పెట్టుకుని. లేన్‌లోకి వచ్చి, ఆయన్ని చూసి, వెనక్కి తిరిగినవాళ్లకి ఒక్కో గీత గీశాను.

తమ్ముడు: ఎన్ని గీతలు?

అక్క: తొమ్మిది. ఆ క్వార్టర్‌లో ఆయన బ్లాక్ ఒక్కటే.